జ్వరం తగ్గిన పొద్దున

తెల్లవారుజామున నాలుగు. అలారం మోగుతోంది. ఆపడానికి చెయ్యి చాపితే మణికట్టు సలుపుతోంది. కళ్ళు పక్కకు తిప్పితే గుడ్ల వెనక పోటు. ఒళ్ళు కాలిపోతోంది.

తలుపు పక్కన రెండు డబ్బాల నిండా దోశపిండి. రాత్రి రుబ్బింది, మూత లేచేంత పొంగింది. ఈరోజు బండి పెట్టకపోతే రేపటికి ముక్కు మూసుకునేంత పులుస్తుంది. బియ్యం, మినప్పప్పు, గ్రైండర్ తిరిగిన కరెంటు, అన్నీ మోరీ పాలు.

"ఏడికి? నిలబడనీకే వస్తలేదు నీకు," అంటుంది ఇంట్లో ఆమె, నుదుటి మీద చెయ్యేసి.

"ఈ పిండి అయిపోగొట్టి వస్త."

అమీర్‌పేట సందులో ఆరింటికల్లా నీ బండి ఉండాలి. ఏడింటికి హాస్టళ్ళ పిల్లలు దిగుతారు. ఎనిమిదిన్నరకు వాళ్ళకు కోచింగ్ క్లాసులు. ఆ గంటన్నరే నీ సంపాదన. పెనం మీద నీళ్ళు చిలకరిస్తావు. ఆవిరి మొహానికి తగలగానే కడుపులో తిప్పుతుంది. గరిటె తిప్పే చెయ్యి వణికి దోశ వంకరపోతుంది. "అన్నా, రెండు ఉప్మా దోశ!" వేస్తావు. "అన్నా, చట్నీ!" పోస్తావు. పిండి అడుగంటేసరికి నీ ఒంట్లో శక్తీ అడుగంటింది.

ఇంటిదారిలో మందుల షాపు. "నొప్పుల సూది వేయించుకో, సాయంత్రానికి లేచి తిరుగుతవ్," అంటాడు తెలిసినాయన. చెయ్యి జేబులోకి పోతోంది. రేపు మళ్ళీ నిలబడాలి కదా. పక్క వీధిలో బస్తీ దవాఖానా ఉంది. అక్కడ ఫీజు లేదు, కానీ వరస పొడుగు. ఏం చేస్తావు?

వరసలో కూర్చుంటావు.

"డెంగ్యూ అనుమానం. రక్తం పరీక్షకు పంపిస్తున్నా," అంటుంది డాక్టరమ్మ. "పారాసిటమాల్ ఒక్కటే వేసుకో. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు. సూదులు అసలే వద్దు. వాటితో లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. ఓఆర్ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్ళు ఆపకుండా తాగు."

మర్నాడు రిపోర్టు వస్తుంది. డెంగ్యూ ఎన్ఎస్1 పాజిటివ్. ఇక మంచమే.

ఫోన్ మోగుతుంది. గిరిగిరి అప్పిచ్చిన ఆయన. పదివేల కాగితం రాసి చేతికి తొమ్మిదివేలు ఇచ్చాడు. రోజుకు వంద, వంద రోజులు. నీకు జ్వరమొస్తే ఆయన వసూలుకు సెలవు లేదు. మళ్ళీ మోగుతుంది. దిండు కింద పెడతావు.

కింది పోర్షన్ కుర్రాడు ఫ్యాక్టరీలో చేస్తాడు. నెలకు 21,000 లోపు జీతం, ఈఎస్ఐ కార్డు ఉంది. జబ్బుపడి డాక్టర్ కాగితం తెచ్చుకుంటే జీతంలో 70 శాతం చేతికొస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. మరి నీకు? నీ బీరువాలో ఆరోగ్యశ్రీ కాగితం ఉంది. ఆసుపత్రిలో పడితే పది లక్షల దాకా వైద్యం ఖర్చు మోస్తుంది. ఖాళీ గల్లాపెట్టెను మోయదు. నీకు యజమానివి నువ్వే. సెలవిచ్చేదీ నువ్వే, జీతం కోసేదీ నువ్వే.

నాలుగో రోజు పొద్దున.

ఒళ్ళు చల్లగా ఉంది. జ్వరం లేదు! రాత్రి కాస్త తేలికపడగానే ఒక్క డబ్బా పిండి రుబ్బించావు. ఇంట్లో ఆమె అడ్డం నిలబడుతుంది. "జ్వరమే తగ్గిపాయె గదా," అని పక్కనుంచి దాటుకుంటావు.

సందులోకి వస్తే నీ జాగాలో సగం మేర ఇడ్లీ అక్క బండి. ఒళ్ళు మండుతుంది. అక్క నిన్ను చూడగానే బండి జరుపుతుంది. "పండ్ల బండోడు పెట్టబోయిండు తమ్మీ. నీ జాగ పోతదని నేనే జరిగి నిలబడ్డ."

స్టవ్ వెలిగిస్తావు. పిల్లలు మూగుతారు. మొదటి దోశ. రెండోది.

కడుపులో నొప్పి.

ఆకలేమో. మూడో దోశ. నొప్పి పెరుగుతోంది. బండి వెనక్కి పోయి వాంతి చేసుకుంటావు. లేస్తావు. మళ్ళీ వాంతి. చేతులు చల్లబడ్డాయి. చెమట. నోట్లో ఉప్పగా ఏదో.

"తమ్మీ, చిగుళ్ళకెల్లి రక్తం!"

ఎదురుగా ఆరుగురు. చేతుల్లో నోట్లు. పెనం మీద దోశ కాలుతోంది. ఇంకో అరగంట. ఒక్క అరగంట. ఆ తర్వాత పోవచ్చు.

కళ్ళు బైర్లు.

స్టవ్ ఆపు.

ఆపుతావు. అక్క ఆటో పిలుస్తుంది. "నల్లకుంట. ఫీవర్ హాస్పిటల్. జల్ది!"

బీపీ పడిపోయింది. ప్లేట్‌లెట్లు 62,000. లక్షన్నరకు తగ్గకూడనివి. చేతికి సెలైన్ ఎక్కుతుంటే డాక్టరును అడుగుతావు: జ్వరం తగ్గాక ఇదేంటి? "డెంగ్యూలో గండం మొదలయ్యేదే అప్పుడు," అంటాడు. "జ్వరం దిగాక ఒకటి రెండు రోజులు. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. నీళ్ళు తక్కువైన పిండిలా రక్తం చిక్కబడుతుంది. ప్లేట్‌లెట్ల అంకె కన్నా మాకు ఆ చిక్కదనమే భయం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తం, ఏ ఒక్కటి కనిపించినా గంట కూడా ఆగొద్దు."

జ్వరం దిగిందంటే లేవొచ్చని అనుకున్నావు. పడుకుని ఉండాల్సిన రోజే లేచి బండి తోశావు.

రెండు రోజులకు బీపీ నిలబడుతుంది. మూడో రోజు ఆకలేస్తుంది. డిశ్చార్జి కాగితం చేతికిస్తూ ఇంకో రెండు వారాలు బరువు పని వద్దంటారు. రెండు వారాలు! కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఫోన్ తీస్తావు. ముందు గిరిగిరి ఆయనకు. "రెండు వారాలు ఆగు. ఆ తర్వాత రోజుకు నూటయాభై కడతా." ఆయన తిడతాడు, సణుగుతాడు, చివరికి సరేనంటాడు. తర్వాత ఇడ్లీ అక్కకు.

"అక్కా, నా పెనం తీస్కో. పిండి ఇంట్లో ఆమె పంపిస్తది. నీ ఇడ్లీ పక్కనే దోశలు పొయ్యి. ఖర్చు పోను మిగిలింది చెరి సగం."

"మరి నేను మంచాన పడితే?"

"నీ ఇడ్లీ నా బండి మీద. అదే లెక్క."

"సగం అంటే సగమే ఇయ్యాలె తమ్మీ."

"రేపటికి పిండి ఎంత పంపుమంటవ్?"

"ఒక్క డబ్బా చాలు."