అమెరికా కోర్టుల్లో లోకల్, నాన్‌లోకల్

టెక్సాస్‌లో మా స్నేహితుడి కారును ఒక లారీ గుద్దేసింది. లారీ కంపెనీదీ టెక్సాసే. దావా వేద్దామని వెళ్తే, లాయరమ్మ దెబ్బల సంగతి కూడా వినకుండా "గ్రీన్‌కార్డా, వీసానా?" అని అడిగిందట. మనవాడి ప్రాణం గుటుక్కుమంది. ఆవిడ ఉద్దేశం వేరు. వీసా మీద ఉన్నవాడు విదేశీయుడి లెక్క. తగాదా విలువ 75 వేల డాలర్లు దాటితే ఫెడరల్ కోర్టు గడప తొక్కొచ్చు. గ్రీన్‌కార్డుతో టెక్సాస్‌లోనే కాపురమున్నవాడికి, టెక్సాస్ వాళ్ళ మీద కేసైతే, ఆ దారి లేదు. రాష్ట్ర కోర్టుకే పోవాలి. ఏళ్ళతరబడి ఎదురుచూసిన ఆ కార్డు చేతికొచ్చాక పోయే సౌకర్యం బహుశా ఇదొక్కటే.

మనకిది ఓ పట్టాన బుర్రకెక్కదు. మున్సిఫ్ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా మనది ఒకటే వరస. కేంద్రం చట్టమైనా రాష్ట్రం చట్టమైనా అదే జడ్జి చూస్తాడు. గుంటూరువాడికి వరంగల్లులో న్యాయం దొరకదనిపిస్తే, కేసు మార్చమని సుప్రీంకోర్టును అడుక్కోవడమే. ఇక్కడ మాత్రం రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. ఫిలడెల్ఫియా వర్తకుడు వర్జీనియావాడి మీద బాకీ దావా వేస్తే అక్కడి జ్యూరీ తమవాడినే వెనకేసుకొస్తుందేమోనన్న భయం రాజ్యాంగం రాసేనాటికే ఉంది. అందుకని వేర్వేరు రాష్ట్రాల పౌరుల తగాదాలను ఫెడరల్ కోర్టులు వినవచ్చని మూడో అధికరణంలో రాసుకున్నారు. 1789 చట్టం 500 డాలర్లు దాటాలంది. అదే పెరిగి పెరిగి ఇప్పుడు 75 వేలయింది. వాదుల్లో ఒక్కడూ ప్రతివాదుల్లో ఒక్కడూ ఒకే రాష్ట్రంవాళ్ళయినా కేసు చెల్లదని 1806లో మార్షల్ జడ్జి తేల్చేశాడు.

మనుషుల సంగతి సరే, కంపెనీ ఏ రాష్ట్రపు పౌరుడు? లోకల్ కోటా సీటు కోసం స్టడీ సర్టిఫికెట్లు పోగేసిన మన తల్లిదండ్రులకు ఈ కథ చెప్పకుండా ఉండలేను. కెంటకీలో బౌలింగ్ గ్రీన్ అనే ఊరి రైల్వేస్టేషన్‌లో టాక్సీలు నిలుపుకునే హక్కు ఒక్క కంపెనీకే దక్కింది. అలాంటి గుత్త ఒప్పందాలు కెంటకీ కోర్టుల్లో నిలవవు. అప్పట్లో రాష్ట్ర కోర్టుల మాట వినక్కర్లేని ఫెడరల్ కోర్టులో నిలవొచ్చు గానీ, పోటీవాళ్ళు కూడా కెంటకీవాళ్ళే కాబట్టి ఫెడరల్ కోర్టుకు పోయే వీల్లేదు. యజమానులు ఏం చేశారు? కంపెనీని మూసేసి, పక్కనున్న టెనెసీలో మళ్ళీ రిజిస్టర్ చేయించారు. స్టేషన్ అదే, యజమానులూ వాళ్ళే, కంపెనీ ఒక్కటే టీసీ తీసుకుని పక్క జిల్లా బళ్ళో చేరిన పిల్లాడిలా నాన్‌లోకల్ అయిపోయింది. ఫెడరల్ కోర్టులో కేసు వేసి, 1928లో సుప్రీంకోర్టు దాకా గెలిచింది కూడా! హోమ్స్ జడ్జి గట్టిగా అసమ్మతి రాశాడు. పదేళ్ళకు, రైలు పట్టాల పక్కన నడుస్తూ చెయ్యి పోగొట్టుకున్న టామ్‌ప్కిన్స్ అనే మనిషి కేసులో, ఇలాంటి దావాల్లో ఫెడరల్ కోర్టులు కూడా రాష్ట్రాల చట్టాన్నే పాటించాలని సుప్రీంకోర్టు దారికొచ్చింది. పాపం, ఆ మార్పు పుణ్యాన టామ్‌ప్కిన్స్‌కు జ్యూరీ ఇప్పించిన 30 వేల డాలర్లు గల్లంతయ్యాయి. టాక్సీవాళ్ళ ఎత్తు కూడా ఇప్పుడు పారదు. 1958 నుంచి కంపెనీకి రిజిస్టరైన రాష్ట్రంతోపాటు ప్రధాన కార్యాలయమున్న రాష్ట్రపు పౌరసత్వం కూడా అంటగట్టారు.

ఇంతవరకూ నవ్వుకుంటూ చదివాను. డ్రెడ్ స్కాట్ దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది. బానిసగా ఉన్న ఆ నల్లజాతి మనిషి తన స్వేచ్ఛ కోసం తట్టింది కూడా ఈ తలుపునే. నేను మిస్సోరీ పౌరుణ్ణి, నన్ను పట్టి ఉంచినవాడు న్యూయార్క్ పౌరుడు, కాబట్టి ఫెడరల్ కోర్టు వినాలన్నాడు. బానిసల సంతతి నల్లవాళ్ళు ఈ రాజ్యాంగం ప్రకారం పౌరులే కారు, కాబట్టి కేసు వినే అధికారం మాకు లేదని 1857లో టానీ ప్రధాన న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. ఆ తీర్పును తుడిచేయడానికి అంతర్యుద్ధం, ఆపైన 1868లో పద్నాలుగో సవరణ కావలసివచ్చాయి. ఇక్కడ పుట్టినవాళ్ళు దేశానికీ, తామున్న రాష్ట్రానికీ పౌరులని ఆ సవరణ అంటుంది. మా పిల్లలు ఈ దేశపు పౌరులైంది ఆ వాక్యం వల్లే. వాళ్ళకు నేనీ కథ చెప్పాను, బళ్ళో చదివాంలే నాన్నా అన్నారు.

ఇక మా వయసువాళ్ళను తొలిచేది వేరే ప్రశ్న. ఇక్కడి పౌరసత్వం తీసుకుని, చివరికి హైదరాబాదు పోయి స్థిరపడితే ఈ లెక్కలో మనం ఎవరం? ఏ రాష్ట్రపు పౌరులమూ కాము, విదేశీయులమూ కాము. అమెరికన్లమే అయినా ఇలాంటి దావాలకు ఫెడరల్ కోర్టు తలుపు తెరవదు. కూకట్‌పల్లిలో ఫ్లాట్లు చూస్తున్న మా ఆవిడకు ఈ సంగతి చెప్తే, "అక్కడికెళ్ళాక మనం ఎవరి మీద దావా వేస్తాం గనక" అని కొట్టిపారేసింది. ఆదాయపన్ను లెక్కలు మాత్రం కూకట్‌పల్లి నుంచైనా ఏటా వీళ్ళకు పంపాల్సిందే.