సర్వరు లేని ఊళ్ళో వెర్షన్ కంట్రోల్

"కోడు దాచుకోవాలంటే ముందు గిట్‌హబ్‌లో ఎకౌంటు తెరువు." కాలేజీ పిల్లలకి మనం ఇచ్చే మొదటి సలహా ఇదే కదా. సలహా మంచిదే గానీ వరస తప్పింది. ముందు పుట్టింది ఫోల్డరు, సర్వరు తర్వాత వచ్చింది.

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ రాశాడు. ఒక ఫైలుకి ఎప్పుడెప్పుడు ఏ మార్పు జరిగిందో గుర్తుపెట్టుకునే పద్ధతి అక్కడ మొదలైంది. 1982లో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ తెచ్చాడు. కోడు పక్కనే ఒక చిన్న ఫోల్డరు పెట్టుకుంటే చాలు. అందులో తాజా ప్రతి పూర్తిగా ఉంటుంది, పాతవాటికి తేడాలు మాత్రమే ఉంటాయి. ఇబ్బందల్లా ఏంటంటే, ఒకరు ఫైలు పట్టుకుంటే రెండోవాళ్ళు దాన్ని దిద్దకుండా కూర్చోవాలి.

ఆ ఇబ్బంది తీరింది ఒక మాస్టారి వల్ల. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే ఆయన 1984-85లో ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక సీ కంపైలరు మీద పని చేస్తున్నాడు. ముగ్గురి వేళలూ మూడు రకాలు. ఒకరిది ఆఫీసు టైము, ఇంకొకరిది ఇష్టమొచ్చిన టైము, మాస్టారికి దొరికేది సాయంత్రాలే. ఒకరికోసం ఒకరు ఆగకుండా పని సాగాలని ఆర్‌సీఎస్ మీద కొన్ని షెల్ స్క్రిప్టులు రాసుకున్నాడు. 1986లో అందరికీ ఇచ్చేశాడు. అదే సీవీఎస్! అంటే మన ఆఫీసులు ఏళ్ళ తరబడి మోసిన ఆ సరంజామా ఒక గురువు, ఇద్దరు శిష్యుల అవసరంలోంచి పుట్టిందన్నమాట :)

తర్వాత కథ మీకు తెలిసిందే. సీవీఎస్, 2004లో 1.0 వచ్చిన సబ్‌వెర్షన్ - వీటితో చరిత్ర మొత్తం ఆఫీసు సర్వరులోకి వెళ్ళిపోయింది. లైను లేకపోతే కమిట్ లేదు. 2005లో లినక్స్ వాళ్ళకి బిట్‌కీపర్ ఉచితంగా వాడుకునే వీలు పోయింది, అప్పుడు ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టాడు. దాంతో చరిత్ర మళ్ళీ ఫోల్డరులోకి వచ్చింది. ఎవరి దగ్గర ప్రతి ఉంటే వాళ్ళ దగ్గరే పూర్తి చరిత్ర.

ఎమ్మిగనూరు వాళ్ళకి ఇది చెప్పడం తేలిక. అక్కడ 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టారు. నేతగాడి మగ్గం ఇంట్లో ఉంటుంది, బట్ట సంఘానికి చేరుతుంది. సంఘం తలుపు మూసిందని ఇంట్లో మగ్గం ఆగదు. గిట్ కూడా అంతే.

ఇప్పుడు కోసిగి సంగతి చూడండి. గుంతకల్లు - రాయచూరు రైలు దారిలో ఉన్న ఊరు. తుంగభద్ర దగ్గర్లోనే ఉన్నా, వానలు మొహం చాటేస్తే జనం సుగ్గికి పోవాల్సిందే, గుంటూరు మిరప చేలకో బెంగుళూరు కట్టడం పనులకో. అలాంటి ఇంట్లోంచి ఇంజనీరింగుకో డిగ్రీకో వెళ్ళిన పిల్లకి పాత లాప్‌టాప్ దొరకడమే ఎక్కువ. సెలవులకి ఊరొస్తే నెట్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. "నెట్ లేదు కాబట్టి వెర్షన్ కంట్రోల్ మనకి కాదు" అని ఆమె అనుకుంటే ఆ తప్పు ఆమెది కాదు, వరస మార్చి చెప్పిన మనది.

చెప్పాల్సింది చాలా చిన్నది. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో ఫోల్డరు. అందులో ఒకసారి గిట్ ఇనిట్. ప్రతి లెక్కా పని చెయ్యగానే ఒక కమిట్, ఏం మార్చావో ఒక్క వాక్యం, తెలుగులోనైనా సరే. కంపైలయి వచ్చిన ఫైళ్ళు అందులో పెట్టొద్దు. చరిత్ర ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు, డిస్కు పోతే రెండూ పోతాయి. కాబట్టి పెన్ డ్రైవులో ఒక బేర్ రిపాజిటరీ పెట్టుకుని వారానికోసారి పుష్ చెయ్యాలి. 2007 నుంచీ గిట్ బండిల్ కూడా ఉంది. చరిత్రంతా ఒక్క ఫైలులో కట్టి మాస్టారి చేతిలో పెట్టొచ్చు.

దీనివల్ల ఇంకో లాభం. 'ఫైనల్ 2' జిప్ ఫైలు చూస్తే ఎవరు రాశారో తెలీదు. నలభై కమిట్లు చూస్తే ఆ పిల్ల ఎక్కడ తడబడిందో, ఎలా దిద్దుకుందో కనబడుతుంది. రేపు ఇంటర్వ్యూలో పెద్ద కాలేజీ పేరు లేని పిల్ల చూపించగలిగేది అదే.

గిట్‌హబ్ తర్వాత చూసుకోవచ్చు, నెట్ దొరికిన రోజున పుష్ చేస్తే చరిత్రంతా పోతుంది పైకి. ఈసారి మీ ఊరి కాలేజీ పిల్లలెవరైనా అడిగితే, ఎకౌంటు కాదు, ముందు ఫోల్డరు తెరిపించండి.