బెంగళూరు చేతుల చరిత్ర

1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు గురించి పెద్ద సభ జరిగింది. సైగలు కట్టిపెట్టి నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. ఓటేసినవాళ్ళు దాదాపు అందరూ వినపడేవాళ్ళే. మన దేశంలో 1885లో బొంబాయిలో, 1893లో కలకత్తాలో బధిరుల బళ్ళు పెట్టేనాటికి వీస్తున్నది ఆ గాలే.

హిందూపురం నుంచి వచ్చి నేను బెంగళూరులో ఒక బధిరుల బడిలో టీచరుగా చేరేనాటికి ఆ తీర్మానానికి వందేళ్ళు నిండాయి. గాలి మాత్రం మారలేదు. పిల్లవాడి పెదవుల ముందు కాగితం ముక్క పట్టుకుని 'ప' అనిపించేవాళ్ళం, అది కదలాలి. వాడి చెయ్యి మా గొంతు మీద పెట్టి 'బ' అనేవాళ్ళం, గొంతు అదరాలి. పాప, బాబా, మామ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. ఏది ఏదో వాడు ఊహించుకోవాలి. పాఠం మధ్యలో చేతులు కదిపితే స్కేలు దెబ్బ. గంట కొట్టగానే (అది వినేదీ మేమే) పిల్లలు ఆవరణలోకి పరుగెత్తి, గుంపులుగా చేరి, చేతులతో ఎడతెగని కబుర్లు మొదలుపెట్టేవాళ్ళు. ఇంట్లో ఒకరిది కన్నడం, ఒకరిది తెలుగు, ఇంకొకరిది తమిళం, మరొకరిది ఉర్దూ. ఆవరణలో అందరిదీ ఒకటే. అది నేర్పిన టీచరు లేరు. పెద్ద పిల్లల నుంచి చిన్న పిల్లలకు అందిందంతే.

ఆ కబుర్లను భాషగా లెక్కపెట్టి చూసినవాళ్ళలో ముందు చెప్పాల్సిన మనిషి మదన్ వశిష్ఠ. హిమాచల్‌లోని గగ్రేట్ ఊరివాడు. పదకొండేళ్ళప్పుడు జబ్బుచేసి వినికిడి పోయింది. ఢిల్లీ వెళ్ళి ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు; బధిరుల మధ్య పడ్డాకే సైగలు వచ్చాయి. 1967లో అమెరికాలోని గాలడెట్ కాలేజీకి చదువుకు వెళ్ళాడు. అక్కడి భాషాశాస్త్రవేత్త జేమ్స్ వుడ్‌వర్డ్, ఇతరులతో కలిసి 1970ల చివర్లో ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు సైగలను పక్కపక్కన పెట్టి పోల్చాడు. నాలుగూళ్ళ సైగల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకదానికొకటి చుట్టాలని తేలింది. ప్రభుత్వం పూనుకోకుండా, పాఠ్యపుస్తకం లేకుండా ఒక భాష దేశమంతా అల్లుకుని ఉంది! 1980లో ఢిల్లీ సైగల పుస్తకం వచ్చింది, ఆ వరసలోనే తర్వాత బెంగళూరుదీ వచ్చింది. బళ్ళను తనిఖీ చేసినవాళ్ళకు కనపడనిది, వినపడని మనిషికి కనపడిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఈ సైగల భాష వ్యాకరణం మీద జర్మన్ పరిశోధకురాలు ఉల్రికే జేషన్ 2000లో పుస్తకం రాసింది. నాకు బాగా నచ్చింది ప్రశ్నల సంగతి. ప్రశ్నకు ఒకే సైగ, అదీ వాక్యం చివర్లో. ముఖం సైగకు దాన్ని చేరిస్తే 'ఎవరు', చోటు సైగకు చేరిస్తే 'ఎక్కడ'. ఏళ్ళ తరబడి నా కళ్ళముందు పిల్లలు చేసింది ఇదే.

బెంగళూరు నుంచి మా ఊరికి వెళ్ళే దారిలో, గౌరిబిదనూరు దగ్గర, అలీపుర అనే ఊరుంది. రత్నాల వ్యాపారం చేసే షియా ముస్లింల ఊరు. పెళ్ళిళ్ళు ఎక్కువగా తమలో తామే చేసుకుంటారు; తరతరాలుగా పుట్టు చెవుడు వస్తోంది. శిబాజీ పండా అనే బధిర పరిశోధకుడు అక్కడికి వెళ్ళి 2012లో రాసిన లెక్క ప్రకారం, సుమారు 10,000 జనంలో 150 మంది దాకా బధిరులు. వాళ్ళ సైగలు బెంగళూరువి కావు, ఆ ఊళ్ళోనే పుట్టినవి. వినపడే ఇరుగుపొరుగు కూడా వాటితోనే మాట్లాడతారు. అక్కడి బధిర పిల్లవాడికి ఉయ్యాల్లోనే భాష అందుతుంది. మా బడికొచ్చే పిల్లల్లో చాలామందికి ఐదారేళ్ళు వచ్చేదాకా ఏ భాషా అందేది కాదు, ఇంట్లో అందరూ వినపడేవాళ్ళు కావడంతో. మెదడు భాషను సులువుగా పట్టుకునే ఏళ్ళు అవే.

2001లో ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థలో సైగల భాష నేర్పడం మొదలైంది. 2015లో ఢిల్లీలో దానికి ప్రత్యేక కేంద్రం వచ్చింది. 2021 నాటికి ఆ కేంద్రం నిఘంటువు 10,000 పదాలకు చేరింది. ఆలస్యమైనా మంచి పనే. అయితే అలీపుర యువకులు ఇప్పుడు నగరపు సైగలే ఎక్కువ వాడుతున్నారని పండా గమనించాడు. బళ్ళలో స్కేలు దెబ్బలు తిన్న బెంగళూరు భాషే అక్కడ పెద్ద భాష అయి కూర్చుంది, ఊరి సైగలు ముసలివాళ్ళ పాలవుతున్నాయి.