ఒకే గవర్నరు, రెండు చట్టాలు

న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది తేడాతో మత్తుమందుల మీద రెండు చట్టాలు వచ్చాయి. రెండూ నెల్సన్ రాక్‌ఫెల్లర్ గవర్నరుగా ఉండగా వచ్చినవే. 1973 నాటిది అమ్మినవాడికి యావజ్జీవం వేసే చట్టం. దాని గురించి పుస్తకాలే వచ్చాయి. 1972 నాటిది మూడు కాపీల చీటీ చట్టం. అది డాక్టర్లకీ, మందుల షాపుల్లో పనిచేసే మాలాంటివాళ్ళకీ తప్ప ఎవరికీ పట్టలేదు. విశాఖలో బి.ఫార్మసీ చదివి, న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో మందుల షాపు కౌంటరు వెనక ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. ఈ రెండిట్లో ఏది పనికొచ్చిందో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు పెద్ద చట్టం సంగతి. 1960లలో అదే నగరంలోని హార్లెమ్, బ్రాంక్స్ వీధుల్లో హెరాయిన్ విచ్చలవిడిగా దొరికేది. రాక్‌ఫెల్లర్ మొదట వైద్యం దారే పట్టాడు. 1966లో చట్టం చేసి, అలవాటు పడ్డవాళ్ళని చికిత్సా కేంద్రాలకు పంపించాడు. డబ్బు నీళ్ళలా ఖర్చయింది గాని హెరాయిన్ తగ్గలేదు. దాంతో 1973 జనవరిలో శాసనసభ ముందు నిలబడి, అమ్మేవాళ్ళకి యావజ్జీవమే మందు అన్నాడు. మే 8న సంతకం పెట్టాడు, సెప్టెంబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. ఔన్సు హెరాయిన్ అమ్మినా, రెండు ఔన్సులు దగ్గర దొరికినా కనీసం 15 ఏళ్ళు, పైన యావజ్జీవం. ఔన్సంటే 28 గ్రాములు, మన లెక్కలో రెండున్నర తులాలకి కాస్త తక్కువ. నేరం రుజువయ్యాక ఆ పదిహేనేళ్ళు తగ్గించే అధికారం జడ్జికి లేదు. మొదటి తప్పా, పొట్టకూటికి పొట్లం మోసినవాడా అన్నది చూడక్కర్లేదు.

ఈ తూకమే నాకెప్పుడూ మింగుడు పడలేదు. పొడిలో అసలు మందెంత, కలిపిందెంత అన్నది మా వృత్తికి ప్రాణం. చట్టం మాత్రం కల్తీతో సహా మొత్తం పొట్లాన్ని తూచింది. వీధిలో అమ్మే హెరాయిన్‌లో లాక్టోజు, క్వినైన్ లాంటివి దండిగా కలిపేవారు. కాబట్టి చిక్కటి సరుకు అర ఔన్సు అమ్మినవాడు ఆ పదిహేనేళ్ళ శిక్ష తప్పించుకుంటాడు, దాన్నే కల్తీ చేసి ఔన్సు చేసినవాడు దొరికిపోతాడు. తన దగ్గర ఎంత తూకం ఉందో నిందితుడికి తెలుసని రుజువు చేయాల్సిందేనని 1993లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అంది. 1995లో శాసనసభ చట్టం సవరించి ఆ అవసరం లేకుండా చేసేసింది.

ఫలితం ఏమైంది? 1977లోనే న్యూయార్క్ నగర న్యాయవాదుల సంఘం భాగస్వామిగా ఒక అధ్యయనం వెలువడింది. 3.2 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టినా, 1976 మధ్యనాటికి హెరాయిన్ వాడకం చట్టానికి ముందున్నట్టే ఉందని తేల్చింది. 1979లో ఔన్సుల పరిమితి రెట్టింపు చేశారు గాని జైళ్ళు నిండుతూనే వచ్చాయి. ఈ చట్టం కింద లోపలికి వెళ్ళినవాళ్ళలో అత్యధికులు నల్లవాళ్ళు, లాటినోలు. మా షాపులో బీపీ మాత్రలు కొనే ఒక పెద్దావిడ శుక్రవారం వస్తే తొందర చేసేది. ఆ రాత్రి కొలంబస్ సర్కిల్ దగ్గర బస్సెక్కి, తెల్లారేసరికి రాష్ట్రం పైకొసన ఉన్న జైల్లో మనవణ్ణి చూడాలి. అలాంటి అవ్వలతోనే ఆ బస్సులు నిండేవి.

ఇక చిన్న చట్టం. మార్ఫిన్ లాంటి మందు రాయాలంటే డాక్టరు ప్రభుత్వం ఇచ్చిన ఫారం మీదే, మూడు కాపీలుగా రాయాల్సి వచ్చేది. ఒకటి ఆయన దగ్గర, ఒకటి మా దగ్గర, మూడోది రాష్ట్ర రాజధాని ఆల్బనీలోని ఆరోగ్యశాఖకు. ముప్పై రోజులకు మించి మందు ఇవ్వకూడదు, అదే చీటీ మీద రెండోసారి ఇవ్వకూడదు. తాళం తీసి, ట్రేలో గరిటెతో ఐదేసి మాత్రలు లాగి లెక్కపెట్టి, కింది కాపీ మీద కార్బన్ అంటిందో లేదో వెలుతురులో పెట్టి చూసేవాళ్ళం. రోగి పేరు ప్రభుత్వానికెందుకని కొందరు కోర్టుకెక్కారు. 1977లో అమెరికా సుప్రీంకోర్టు చట్టం వైపే మొగ్గింది. ఆల్బనీకి నెలకి లక్ష దాకా ఫారాలు వెళ్తున్నా, మొదటి 20 నెలల్లో రోగుల మితిమీరిన వాడకంపై ఆ సమాచారం పనికొచ్చిన దర్యాప్తులు రెండే. అందరూ నవ్వుకోదగ్గ లెక్కే.

అసలు ఫలం పాతికేళ్ళకు కనిపించింది. 1996లో ఆక్సీకాంటిన్ అనే, మార్ఫిన్ కోవకే చెందిన నొప్పి మాత్ర వచ్చింది. ఇలాంటి ఫారాలున్న ఐదు రాష్ట్రాల్లో డాక్టర్లు దాన్ని రాయడానికి జంకుతారని తయారీ కంపెనీ పర్డ్యూ ముందే పసిగట్టి, అక్కడ ప్రచారం తగ్గించింది. తర్వాత అర్థశాస్త్రజ్ఞులు లెక్క తీస్తే, ఆ రాష్ట్రాల్లో ఆక్సీకాంటిన్ పంపిణీ మిగతాచోట్లతో పోలిస్తే దాదాపు సగమే ఉంది, మోతాదు మించిన మరణాలూ నెమ్మదిగా పెరిగాయి. చీటీలో దోషం లేదనను. దాని భయంతో క్యాన్సర్ రోగులకు సైతం మార్ఫిన్ రాయని డాక్టర్లుండేవారు. వీధిలోకి మరింత ఘాటైన ఫెంటనిల్ అనే మత్తుమందు వచ్చాక ఏ చీటీ ఆపలేకపోయింది. 2022లో ఒక్క న్యూయార్క్ నగరంలోనే మత్తుమందులు మోతాదు మించి మూడువేలమందికి పైగా పోయారు.

పెద్ద చట్టానికి 2004లో గవర్నర్ పటాకీ కోరలు కొన్ని పీకాడు. 2009లో గవర్నర్ ప్యాటర్సన్ చాలా కేసుల్లో తప్పనిసరి శిక్షలు తీసేసి నిర్ణయం జడ్జికిచ్చాడు. ఆ చట్టానికి వ్యతిరేకంగా 2002లో నిరసన చేసి అరెస్టయిన రాష్ట్ర సెనేటరు ఆయనే.

మన దేశంలోనూ 1985 నాటి మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ 2001 సవరణ తర్వాత తూకం మీదే నడుస్తోంది. హెరాయిన్ 250 గ్రాములు దాటితే పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు. కల్తీతో సహా మొత్తం తూచాలని 2020లో సుప్రీంకోర్టూ అంది. చిన్న చట్టం కూడా మనకుంది. 2014 నుంచి ప్రతి మందుల షాపులో హెచ్1 రిజిస్టరు ఉండాలి. కొడీన్ లాంటి మందులు ఎవరు రాశారో, ఎవరికి ఎన్ని ఇచ్చారో అందులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా శిక్షలు ఇంకా పెంచాలంటే, ముందు మీ వీధి షాపులో ఆ రిజిస్టరు నిజంగా రాస్తున్నారా, దాన్ని తనిఖీ చేయడానికి ఎవరైనా వస్తున్నారా అని అడగండి.