గాలి బావి ఎవరి కోసం తవ్వారు? కిల్స్‌బీ సొరంగం చరిత్ర, మన కొండల ప్రశ్న



ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన కొండల్లోంచి పోయే కొత్తవలస–కిరండూల్ లైనుకి, అదే మనం కేకే లైను అంటామే, దానికి రెండో లైను వేస్తున్నారు. అందులో కొత్త సొరంగాలు కూడా ఉన్నాయి. సొరంగం అంటే మనందరికీ రెండు నోళ్లే తెలుసు. రైలు ఒక నోట్లో దూరి ఇంకో నోట్లోంచి బయటికొస్తుంది. కానీ పొడవైన సొరంగాలు చాలావాటికి మూడో నోరు కూడా ఉంటుంది. అది కొండ పైన, ఊళ్లకీ పొలాలకీ దగ్గర్లో తెరుచుకుంటుంది. దాన్ని వెంటిలేషన్ షాఫ్ట్ అంటారు. ఈ పోస్టులో మనం గాలి బావి అని పిలుచుకుందాం. దాని చరిత్ర వెతుక్కుంటూ పోతే ఇంగ్లండులో కిల్స్‌బీ అనే ఊరు దగ్గర ఆగాం. ఎందుకు ఆగామో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు గాలి బావి పని ఏంటో చూద్దాం. సొరంగం తవ్వేటప్పుడు రెండు చివర్ల నుంచే తవ్వుకుంటూ పోతే ఏళ్లు పడుతుంది. అందుకని పైనుంచి మధ్యమధ్యలో బావులు దింపుతారు. ఒక్కో బావి అడుగుకి చేరాక అక్కడి నుంచి రెండు వైపులా తవ్వొచ్చు. పది బావులు దింపితే ఒకేసారి ఇరవై చోట్ల పని నడుస్తుంది. మట్టి, రాయి పైకి లాగేది వాటిలోంచే, మనుషులు దిగేదీ వాటిలోంచే. సొరంగం పూర్తయ్యాక చాలా బావులు పూడ్చేస్తారు, కొన్నిటిని గాలి కోసం ఉంచుతారు. బొగ్గు ఇంజన్ల కాలంలో సొరంగం నిండా పొగ, ఆవిరి. వేడి పొగ పైకే పోతుంది కాబట్టి ఆ బావిలోంచి బయటికి వెళ్తుంది, కింద మంచి గాలి ఆడుతుంది. కరెంటు ఇంజన్లకి పొగ లేదు. అయినా లోపల మంటలొస్తే పొగ లాగడానికి, వేడి తగ్గించడానికి, మనుషుల్ని పైకి తప్పించడానికి ఇప్పుడు కట్టే పొడవైన సొరంగాలకీ ఇలాంటివి పెడుతున్నారు.

ఇప్పుడు కిల్స్‌బీకి వద్దాం. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి 112 మైళ్ల రైలు మార్గం వేయాలని ఒక కంపెనీ పెట్టారు. ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్. 1832లో ఆ బిల్లు పార్లమెంటులో పై సభ దాకా వచ్చి ఓడిపోయింది. కారణం, దారిలో భూములున్న పెద్ద భూస్వాములు వద్దన్నారు. వాళ్ల మనుషులే ఆ సభలో కూర్చున్నారు. మరుసటి ఏడాది 1833లో అదే బిల్లు పాసయింది. మధ్యలో ఏం మారింది? భూమికి ఇచ్చే డబ్బు మారింది. మొదట రెండున్నర లక్షల పౌన్లు అనుకున్న భూమి ఖర్చు చివరికి ఏడున్నర లక్షలకి చేరిందని స్టీఫెన్‌సన్‌ల జీవిత చరిత్ర రాసిన శామ్యూల్ స్మైల్స్ లెక్క చెప్పాడు. అంటే మూడింతలు. వద్దు అని చెప్పగలిగే చోటు ఉన్నోడికి ధర పెరిగింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

కిల్స్‌బీ నార్తాంప్టన్‌షైర్ జిల్లాలో చిన్న పల్లెటూరు. దాని పక్కనున్న గట్టు కింద సుమారు 2,400 గజాల సొరంగం, అంటే మన లెక్కలో రెండు కిలోమీటర్ల పైచిలుకు. 1835లో పని మొదలైంది. కాంట్రాక్టు 99 వేల పౌన్లకి ఇచ్చారు. ముందే బోర్లు వేసి నేల పరీక్ష చేశారు, గట్టి నేలే అనుకున్నారు. కానీ బంకమన్ను పొర కింద, బోరు పడని చోట, నీళ్లతో నిండిన ఇసుక దాక్కుని ఉంది. పనివాళ్లు దిగిన బావిలోకి ఒక్కసారిగా నీళ్లు, ఇసుక విరుచుకుపడ్డాయి. ఆ వార్త విన్న కాంట్రాక్టరు మంచం పట్టి చనిపోయాడని స్మైల్స్ రాశాడు. కంపెనీలో కొందరు ఈ సొరంగం వదిలేద్దాం అన్నారు. స్టీఫెన్‌సన్ ఒప్పుకోలేదు. 13 ఆవిరి ఇంజన్లు పెట్టి నిమిషానికి 1,800 గ్యాలన్లు, అంటే సుమారు 8 వేల లీటర్ల నీళ్లు, నెలల తరబడి తోడించాడు. 1,250 మంది మనుషులు, 200 గుర్రాలు, రాత్రీ పగలూ పని. మొత్తం 3 కోట్ల 60 లక్షల ఇటుకలు పట్టాయి. ఖర్చు మొదటి అంచనాకి దాదాపు మూడింతలయింది.

ఆ 1,250 మంది ఎక్కడ పడుకున్నారు? ఆ కాలంలోనే రైల్వేల గురించి రాసిన ఫ్రాన్సిస్ బాండ్ హెడ్ ఒక వివరం ఇచ్చాడు. కిల్స్‌బీలో కొన్ని ఇళ్లల్లో ఒక్కో గదిలో 16 మంది కూలీలు. గదికి నాలుగే మంచాలు. మంచానికి ఇద్దరు చొప్పున ఎనిమిది మంది పడుకుంటే మిగతా ఎనిమిది మంది సొరంగంలో ఉండేవాళ్లు. వాళ్లు రాగానే వీళ్లు లేచి పనికి. మంచం ఎప్పుడూ చల్లారేది కాదు. హాస్టల్ గదుల్లో సర్దుకుని బతికే మనకి ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక చిన్న ఊరి మీదకి ఒక్కసారిగా అంతమంది వచ్చి పడితే ఊరికి ఎలా ఉంటుందో, పొట్ట చేతపట్టుకుని వచ్చినోళ్లకి ఎలా ఉంటుందో రెండూ ఆలోచించండి. ఊరివాళ్లకీ కూలీలకీ పడకపోతే తప్పు ఇద్దరిదీ అనుకుంటాం. ఒక గదిలో 16 మందిని ఉంచే పద్ధతి పెట్టిందెవరు అన్నది ఎవరూ అడగరు.

ఇక గాలి బావులు. పని కోసం దింపినవి కాక, గాలి కోసమే రెండు పెద్దవి కట్టారు. ఒక్కోటి 60 అడుగుల వెడల్పు. పెద్దదాని లోతు 132 అడుగులు. గోడ మందం మూడు అడుగులు. ఆ ఒక్క బావికే పది లక్షలకి పైగా ఇటుకలు. దాన్ని కట్టిన తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. మామూలుగా మనం గోడ కింద నుంచి పైకి కడతాం. ఇక్కడ పైనుంచి కిందకి కట్టారు. కొంచెం తవ్వడం, ఆ ముక్క వరకు నీళ్లలో గట్టిపడే సిమెంటుతో ఇటుక గోడ కట్టడం, మళ్లీ దాని కింద తవ్వడం. పైన కట్టిన గోడ బరువు నెత్తి మీద ఉండగా కింద మట్టి తీసిన మేస్త్రీలు, కూలీలు వాళ్లు.

అంత పెద్ద బావులు ఎందుకు? జనానికి సొరంగం అంటే భయం. చీకట్లో పొగకి ఊపిరాడక చస్తాం అనుకునేవాళ్లు. ఎక్కేవాళ్లు లేకపోతే టికెట్లు అమ్ముడుపోవు. ఆ భయం పోగొట్టడానికి కంపెనీ ఇంకో పని కూడా చేసింది. 1837లో ఇదే లైనులో లండన్ దగ్గరున్న ప్రింరోజ్ హిల్ సొరంగంలోకి ఇద్దరు వైద్యుల్ని, ఇద్దరు శస్త్రవైద్యుల్ని, ఒక రసాయన శాస్త్రజ్ఞుణ్ణి పంపింది. వాళ్లు లోపల తిరిగి చూసి, గాలి బాగానే ఉంది, ఆరోగ్యానికి భయం లేదు అని సంతకాలు పెట్టి ఇచ్చారు.

ఈ పోస్టులో మేం చెప్పదలచుకున్న మాట ఇక్కడుంది. సొరంగంలో కొన్ని నిమిషాలు మాత్రమే ఉండే ప్రయాణికుడి ఊపిరి కోసం అయిదుగురు నిపుణులు దిగి చూశారు. ఆ సొరంగంలో నెలలు, ఏళ్లు ఉన్న కూలీ ఊపిరి కోసం అలాంటి పరీక్ష ఎవరూ పెట్టలేదు. కిల్స్‌బీలో 26 మంది చనిపోయారని చరిత్రలో ఉంది. సంఖ్య ఉంది. ఇంజనీరు పేరు ప్రతి పుస్తకంలో ఉంది. ఆ 26 మంది పేర్లు చెప్పే పుస్తకం మాకు కనపడలేదు.

పొగ సంగతి కూడా చూడండి. బోగీలో కూర్చున్నోడికి పొగ తప్పింది. అంతమాత్రాన పొగ మాయమవలేదు కదా. బావిలోంచి పైకొచ్చి ఊరి పొలాల మీద పడింది. 1838లో లైను పూర్తిగా తెరిచిన దగ్గర్నుంచి 1960ల్లో కరెంటు రైళ్లు వచ్చేదాకా ఆ బావి నోటి పక్కన బతికినవాళ్ల గాలి గురించి ఏ కమిటీ సంతకం పెట్టింది? గాలి బావి అంటే ఒకరికి మంచి గాలి ఇచ్చి, చెడ్డ గాలిని ఇంకొకరి వైపు తిప్పే ఏర్పాటు. అవసరమైన ఏర్పాటే, కాదనడం లేదు. అది ఎవరి వైపు తిరుగుతుందో ఎవరు నిర్ణయించారు అన్నదే ప్రశ్న.

కూలీల ప్రాణాల గురించి మొదటిసారి గట్టిగా అడిగింది ఇంకో సొరంగం దగ్గర. మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్య కొండల్లో వుడ్‌హెడ్ సొరంగం. మూడు మైళ్ల పొడవు, అయిదు బావులు, 1845 చివర్లో పూర్తయింది. 32 మంది చనిపోయారు, 140 మంది పెద్ద దెబ్బలు తిన్నారు. మాంచెస్టర్‌లోని జాన్ రాబర్టన్ అనే శస్త్రవైద్యుడు అక్కడి కూలీల బతుకు గురించి వివరాలు సేకరించి బయటపెట్టాడు. ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి లెక్కలు కట్టి, వాటర్లూ యుద్ధంలో సైనికులు చనిపోయిన నిష్పత్తి కన్నా ఈ సొరంగంలో కూలీలు చనిపోయిన నిష్పత్తి ఎక్కువ అని చూపించాడు. దాంతో 1846లో పార్లమెంటు కమిటీ వేసింది. రాయి పేల్చేటప్పుడు ప్రమాదం తగ్గించే వత్తి ఎందుకు వాడలేదని అడిగితే, దానికి టైము ఎక్కువ పడుతుంది, మిగిలే ప్రాణాల కోసం ఆ టైము పోగొట్టుకోమని నేను చెప్పను అనే అర్థంలో అక్కడి ఇంజనీరు ఒకాయన జవాబిచ్చాడు. ప్రమాదానికి పని చేయించే యజమానే బాధ్యుడు కావాలని కమిటీ సిఫారసు చేసింది. చట్టం మాత్రం అప్పుడు రాలేదు. యజమాని బాధ్యత మీద చట్టం 1880లో వచ్చింది. అంటే 34 ఏళ్ల తర్వాత. అయినా అంత దూరం నడవడానికి మొదటి అడుగు ఏది? ఒకరు పోయి అడిగారు, రాసుకున్నారు, లెక్క కట్టారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కిల్స్‌బీ వాళ్లు ఆదివాసీలు కారు, వాళ్ల కథ మన కథ ఒకటే అని మేం అనడం లేదు. కానీ అడగాల్సిన ప్రశ్నలు అక్కడి నుంచి నేర్చుకోవచ్చు. కేకే లైను 1960ల్లో వేశారు. బైలాడిలా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి చేర్చి జపాన్‌కి పంపడానికి. 58 సొరంగాలు అని టూరిస్టులకి గొప్పగా చెప్తారు. అద్దాల బోగీలో కూర్చుని సొరంగం రాగానే కేకలు వేస్తారు. తప్పేం లేదు, మనమూ వేస్తాం. కానీ ఆ 58 ఎవరు తవ్వారు అని అడిగేవాళ్లు తక్కువ. అప్పుడు 20 ఏళ్లున్నోళ్లకి ఇప్పుడు 80 దాటింది. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి మనిషి ఉండడు.

పేరు రాసుకోవడం అంటే జ్ఞాపకం కోసం మాత్రమే కాదు. మన దేశంలో పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి నష్టపరిహారం ఇవ్వాలనే చట్టం 1923లోనే వచ్చింది. కానీ మస్టరులో పేరు లేనోడికి చట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పేరు లేకపోతే హక్కు అడగడానికి కాలు పెట్టే చోటే ఉండదు.

1832లో ఇంగ్లండు భూస్వాములకి వద్దు అనే చోటు ఉందని పైన చెప్పాం కదా. మనకి ఉన్న చోటు గ్రామసభ. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టుల కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభని గానీ పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెప్తోంది. సంప్రదించడం అంటే వద్దనే హక్కు అంత బలమైంది కాదు, నిజమే. కానీ ప్రశ్న అడిగి, జవాబుని తీర్మానం పుస్తకంలో రాయించే బలం ఉంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఎక్కడి గొడవ మీద వచ్చింది? రైలు పోయే మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని మైనింగ్ లీజుల మీదే. అడిగినోళ్లు ఉన్నారు కాబట్టే ఆ తీర్పు ఉంది.

కాబట్టి సొరంగం గానీ, గాలి బావి గానీ, మట్టి పోసే డంపు గానీ మీ ఊరి దగ్గర వస్తోందంటే గ్రామసభలో ఇవి అడగండి. బావి నోరు సరిగ్గా ఎక్కడ తెరుచుకుంటుంది, ఇళ్లకి, బడికి ఎంత దూరం? తవ్విన మట్టి, రాయి ఎక్కడ పోస్తారు, వాన పడితే అది ఏ గెడ్డలోకి దిగుతుంది? కొండ లోపల తవ్వితే ఊట నీళ్లు సొరంగంలోకి మళ్లే అవకాశం ఉంటుంది, మరి మా ఊటలు ఇప్పుడు ఎంత పారుతున్నాయో పని మొదలవకముందే కొలిచి రాశారా? పేలుళ్లకి ముందు ఇళ్ల గోడల ఫొటోలు తీశారా? పనిచేసే కూలీలు, మనోళ్లయినా జార్ఖండ్ నుంచో ఒడిశా నుంచో వచ్చినోళ్లయినా, వాళ్ల పేర్లు మస్టరులో ఉన్నాయా, వాళ్లు ఎక్కడ పడుకుంటున్నారు?

చివరి ప్రశ్నని మనకి సంబంధం లేనిది అనుకోవద్దు. కిల్స్‌బీలో గదికి 16 మంది పడుకున్నవాళ్లు కూడా ఏదో ఒక ఊరి పిల్లలే.

కిల్స్‌బీ గాలి బావులు ఇప్పటికీ ఉన్నాయి. పైకి కోట బురుజుల్లా కనిపిస్తాయి. వాటిని రక్షిత కట్టడాల జాబితాలో పెట్టి కాపాడుతున్నారు. ఇటుకల లెక్క కూడా భద్రంగా ఉంది.

ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు లైను పక్క ఊళ్ల వాళ్లు ఒక్క పని చేయండి. మీ ఊళ్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. లైను పనికి ఎవరెవరు వెళ్లారు, రోజుకి ఎంత ఇచ్చారు, ఎవరు తిరిగి రాలేదు. కువి, కొండ భాష, ఆదివాసీ ఒడియా, వాళ్లకి ఏది వస్తే అందులోనే ఫోన్లో రికార్డు చేయండి. పేరు, ఊరు, ఏ ఏడాది, ఈ మూడూ తప్పకుండా రాయండి. వాళ్లు ఒప్పుకుంటేనే గ్రూపులో పెట్టండి. ఎవరివి ముందు వస్తే వాళ్లవి ముందు ఫైల్లో చేరుద్దాం.

జై ఆదివాసీ. జోహార్.