కందెన గొట్టము, ఆయిల్ ఫిల్టరు

కందెన అనే మాట ఇప్పుడు నిఘంటువులలోను, వయసు మళ్ళిన రైతుల నోటను మాత్రమే మిగిలినట్లున్నది. ఎడ్లబండి ఇరుసుకు పూసే జిడ్డుముద్దకు అది పేరు. గడ్డిని కాల్చిన మసిని ఆముదములో కలిపి, వెదురు గొట్టములోనో పశువు కొమ్ములోనో నింపి, బండి క్రింద వ్రేలాడగట్టేవారు. దూరప్రయాణానికి ముందు కడసీల ఊడదీసి, చక్రమును ఇవతలికి లాగి, పాత కందెనను గడ్డిపరకలతో తుడిచివేసి క్రొత్తది పట్టించడం బండివాని నిత్యవిధి. తుడిచిన గడ్డికి ఇసుక ఎంత అంటినదో, ఇరుసు ఎంత అరిగినదో కంటికి కనబడేది. ఈ చివరి మాటను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలని మనవి. మోటారు ఇంజనుకు వచ్చేసరికి మనం పోగొట్టుకొన్నది ఆ కంటిచూపునే.

ఇరుసుకు జిడ్డు కావాలన్న ఎరుక మనకు చాలా పాతది. చరకసంహిత విమానస్థానము మూడవ అధ్యాయములో, ఆయువు నియతమా అనియతమా అని అగ్నివేశుడు ప్రశ్నిస్తే ఆత్రేయుడు బండి ఇరుసును దృష్టాంతముగా చూపుతాడు. మంచి ఇరుసు తన కాలము తీరేదాకా నడిచి అరిగిపోతుంది. అదే ఇరుసు మోయలేని బరువు వలన, గతుకుల దారి వలన, తోలేవాని దోషము వలన, సీల ఊడడము వలన, జిడ్డు పూయకపోవడము వలన నడుమనే విరుగుతుంది. అకాలమరణమూ అటువంటిదే అంటాడు. ఆ జాబితాను ఏ మోటారు మెకానిక్కుకు వినిపించినా తల ఊపుతాడు. పాళీ సూత్రాలలో సైతం భిక్షువు ఆహారము తీసుకొనవలసిన తీరును ఇరుసుకు నూనె పూయడంతో పోల్చారు. బరువు గమ్యము చేరడానికి ఎంత కావాలో అంతే.

కందెనలోని ఆముదము ఆధునిక యుగములోకి కూడా వచ్చినది. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో పెట్టిన నూనెల సంస్థ, మోటార్లకు, విమానాలకు పనికివచ్చే తైలములో ఆముదము కలిపి 1909లో దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టినది. ఆంగ్లములో ఆముదమునకున్న క్యాస్టర్ అన్న మాటనుండి పుట్టిన పేరది. మొదటి ప్రపంచయుద్ధము నాటి విమానాలలో, సిలిండర్లే గిరగిర తిరిగే రోటరీ ఇంజన్లకు ఆముదమే కందెన. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల్లో పండే గింజకు ఆకాశయానములో అంత పని ఉన్నదని తెలిసిననాడు నాకు కలిగిన సంతోషము చిన్నది కాదు.

ఆ విమానపు ఇంజన్లలో నూనె ఒక్కసారే పనిచేసి, పొగతో కలిసి బయటకు చిమ్మేది. తిరిగి వచ్చేది కాదు. కందెన కూడా అంతే. వాడినది తుడిచి పారవేయడమే. కనుక ఆ రెంటికీ వడపోతతో పని లేదు. వాడిన నూనెనే మళ్ళీ మళ్ళీ త్రిప్పి వాడుకొనే ఇంజను వచ్చినప్పుడే మురికి సమస్య అయినది. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కారులో నూనె అడుగు తొట్టినుండి చిందుతూ భాగాలను తడిపేది, ఫిల్టరు లేదు. నూనెను తరచుగా మార్చుకోవడమే ఆనాటి వాహనదారులకు గతి. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జి గ్రీన్‌హాల్ష్ కలిసి వడపోత పరికరాన్ని తెచ్చి ప్యూరోలేటర్ అన్నారు. శుద్ధమైన నూనె తరువాత వస్తుంది అని అర్థము వచ్చే మూడు ఆంగ్లపదాలను కుదించి చేసిన సమాసమది. మన వ్యాకరణము ఒప్పుకోకపోవచ్చును గాని, వస్తువు నిలిచినది. మొదట నూనెలో కొంత భాగమే దాని గుండా పోయేది. నూనె మొత్తము వడపోతలోనుండి ప్రవహించే పద్ధతి తరువాత స్థిరపడినది.

ఆ పిమ్మట రూపము మారినది. పాత అంబాసిడర్లలో ఒక లోహపు గిన్నె, దాని నడుమ పొడుగాటి బోల్టు, లోపల వడపోత గుండు ఉండేవి. స్పానరుతో బోల్టు విప్పితే గిన్నె దిగేది; నూనె మోచేతిదాకా కారేది. గిన్నె అడుగున పేరుకొన్న మడ్డి మాత్రము కంటికి కనబడేది. 1950ల నుండి అమెరికాలో డబ్బా మొత్తమును మరచుట్టుతో ఎక్కించి, పని తీరగానే పారవేసే పద్ధతి వ్యాపించినది. మన దేశములో 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800తో ఈ డబ్బా మధ్యతరగతి ఇంటి ముంగిటికి వచ్చినది. రేకు డబ్బా, లోపల ముడతల కాగితము, మూతి చుట్టూ ఒక రబ్బరు వలయము. స్పానరు పట్టడానికి బోల్టూ లేదు, పిడీ లేదు. ఉన్నదంతా నున్నని గుండ్రదనమే.

చేతితోనే ఎక్కించాలన్న ఉద్దేశముతోనే దానినలా చేశారు. రబ్బరు వలయానికి క్రొత్త నూనె ఒక చుక్క రాచి, చేతితో త్రిప్పుతూ పోయి, వలయము ఇంజనును తాకినప్పటినుండి ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. నూనె రాయకపోతే పొడి రబ్బరు వేడికి గట్టిపడి లోహమును కరచిపట్టుకొంటుంది. రెంచీతో బిగిస్తే చెప్పనే అక్కరలేదు. ఎల్లప్పుడూ నూనెతో నిండియుండే పాత్ర, బయట ఒక్క నూనెచుక్క లేక బిగుసుకుపోవడమన్నమాట.

మా భద్రాచలానికి రైలు లేదు. భద్రాచలం రోడ్ అని పేరుపెట్టిన స్టేషను ఉన్నది కొత్తగూడెములో, నలభై కిలోమీటర్ల అవతల. 1965లో గోదావరి మీద వారధి పూర్తయ్యేవరకు నది దాటడానికి పడవలే దిక్కు. 1979లో సారపాక కాగితపు మిల్లులో ఉత్పత్తి మొదలైనాక వెదురు, జామాయిలు మోసే లారీలు పెరిగినవి. ఇటు చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు ఎక్కే దారి ఉన్నది. తక్కువ గేరులో మూలుగుతూ ఎక్కే బండికి నూనె బాగా కాగుతుంది. అడవి దారిలో బండి ఆగితే మెకానిక్కు మనవద్దకు రాడు, మనము అతనివద్దకు పోలేము. అందుకే ఇక్కడి డ్రైవర్లు నూనె మార్చడమువంటి పనులు తామే నేర్చుకొంటారు. నేను నేర్చినదీ వారిని చూచియే.

గత వేసవిలో నా పాత మారుతికి ఇంటివద్దనే నూనె మార్చబూనినాను. బండిని చెక్క దిమ్మెలమీదికి ఎక్కించి, ఇంజనును కొద్దిగా వెచ్చజేసి, నూనె దించాను. ఫిల్టరు కదలలేదు. అంతకుముందు దానిని ఎక్కించినవారు ఒక సర్వీసు దుకాణమువారు. ఇంటి పనిలో చిక్కు సరిగ్గా ఇక్కడే ఉన్నది: నూనె దించిన బండిని మెకానిక్కు దగ్గరకు నడుపుకుపోలేము.

జిడ్డు తుడిచి, గరుకు కాగితము చుట్టి పట్టినాను. సైకిలు ట్యూబు ముక్క చుట్టి పట్టినాను. ఫలితము లేదు. డబ్బా మూతి పైకుండేటట్లు చూస్తే ఒక దిశ, క్రింద పడుకొని అడుగునుండి చూస్తే మరొక దిశ. ఇక్కడే చాలామంది విప్పబోయి బిగిస్తారు. అడుగునుండి చూచేవానికి ప్రదక్షిణముగా త్రిప్పితే బిగుస్తుంది, అప్రదక్షిణముగా త్రిప్పితే వదులుతుంది. రామాలయము చుట్టూ తిరిగే ఊరివారికి ఇది గుర్తుంచుకోవడము కష్టము కాదు.

స్క్రూడ్రైవరుతో డబ్బాను అడ్డముగా పొడిచి త్రిప్పమనే సలహా అందరూ ఇస్తారు. పక్కింట ఉన్న ఒక లారీ డ్రైవరు మాత్రము వారించినాడు. "పొడవకండి సారూ, పల్చటి రేకు. చీలిపోతే పట్టుకోవడానికి ఏమీ మిగలదు" అని, తన గొలుసు రెంచీ తెచ్చినాడు. దానిని డబ్బా నడుమ కాక మొదట, మందమైన అడుగుపళ్ళెము దగ్గర పట్టించినాడు. నడుమ పడితే రేకు సొట్టపోయి జారుతుంది. ఒక్క ఉదుటున కాక, నిలకడగా బలము పెంచుతూ పోయినాడు. చిన్న చప్పుడుతో పావు చుట్టు కదిలినది. మిగిలినది చేతికే వచ్చినది.

డబ్బా వచ్చినది గాని, రబ్బరు వలయము దానితో రాలేదు. ఇంజనుకే అతుక్కొని నల్లని గీతవలె ఉన్నది. చూడనివాడు దానిమీదనే క్రొత్త డబ్బా ఎక్కిస్తాడు. రెండు వలయాలు ఒకదానిమీద ఒకటి నిలువవు. ఇంజను తిరిగి నూనె ఒత్తిడి పెరగగానే పైది ప్రక్కకు జరిగి నూనె మొత్తము కొద్ది నిమిషాలలో రోడ్డు పాలవుతుంది. అది మారేడుమిల్లి ఘాటులో జరిగితే ఇంజను పట్టేసినట్లే. చెక్కపుల్లతో గీకి, గుడ్డతో తుడిచి, వ్రేలితో తడిమి చూచి, క్రొత్త వలయానికి నూనె రాచి చేతితో ఎక్కించినాను. బండి రెండు నిమిషాలు ఆడించి ఆపి, అడుగున తడి లేదని చూచి, నూనె పుల్లతో మట్టము సరిచూచినాను.

తరువాత కుతూహలముకొద్దీ ఆ పాత డబ్బాను రంపముతో కోసి తెరిచినాను. ముడతల మధ్య నల్లని మడ్డి. దానిని తెల్లగుడ్డమీద రాచి ఎండలో పెడితే లోహపు తళుకు కనబడలేదు. ఇంజను లోపల అరుగుదల పెద్దగా లేదన్నమాట. గడ్డిపరకతో బండివాడు చూచినది ఇదే. ఈ డబ్బాలో మరొక సంగతి కూడా ఉన్నది: కాగితము పూర్తిగా పూడిపోతే ఒక చిన్న తలుపు తెరుచుకొని, వడపోయని నూనెనే ఇంజనుకు పంపుతుంది. ఎండిపోవడముకన్న మురికి నయమని దానిని అట్లా కూర్చినారు. బయటివానికి మాత్రము ఆ తలుపు తెరుచుకొన్న సంగతి ఎన్నటికీ తెలియదు.

ఫిల్టరుకు తైలశోధని వంటి పేర్లు పెట్టవచ్చును గాని, షాపులో అడిగితే ఎవరూ ఇవ్వరు. వడపోత డబ్బా అంటే కనీసము అర్థమవుతుంది. ఇటీవలి కొన్ని ఇంజన్లలో, స్విఫ్ట్ డీజిలువంటి వాటిలో, మళ్ళీ లోపలి కాగితపు గుండును మాత్రమే మార్చే పద్ధతి వచ్చినది. రేకు డబ్బా బదులు స్పానరు పట్టే అంచున్న మూత ఉంటుంది. అంబాసిడరు గిన్నె వేషము మార్చుకొని వచ్చినట్లున్నది.

దించిన నూనెను ఇక్కడ పల్లెలలో కంచె గుంజలకు, నాగళ్ళకు చెదపురుగు పట్టకుండ పూస్తారు. ప్రభుత్వ నియమాలు దానిని హానికర వ్యర్థముగా లెక్కించినవి. వట్టి చేతులతో పూయకపోవడము మంచిది. నేను దించిన మూడు లీటర్ల చిల్లరను డబ్బాలో పోసి, పాత నూనె కొనేవారికి ఇచ్చినాను. గోదావరి వీధి చివరనే ఉన్నది కనుక కాలువలో పోయడమనే మాటే లేదు.