క్యూఎమూలో లినక్స్ హెడర్ ఫైళ్ల సమన్వయం: ఒక చారిత్రక పరిశీలన

ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో ఆరంభించిన ఎమ్యులేటరు క్యూఎమూ. 2007లో లినక్స్ 2.6.20 కెర్నల్‌లో కేవీఎం చేరింది. దానిని వినియోగించడానికి కావలసిన సంఖ్యా నిర్వచనాలు, డేటా నిర్మాణాలు కెర్నల్ హెడర్ ఫైళ్లలో ఉంటాయి. తొలినాళ్లలో వాటిని కంపైల్ చేసే యంత్రం నుండే గ్రహించేవారు. అందువల్ల పాత హెడర్లతో తయారైన క్యూఎమూ, కొత్త కెర్నల్‌పై నడిచినప్పటికీ దాని సౌకర్యాలను అందుకోలేకపోయేది.

2011లో హెడర్ల ప్రతిని క్యూఎమూ మూలంలోనే నిలిపి, స్క్రిప్టు ద్వారా నవీకరించే పద్ధతి ఏర్పడింది. ఆ ప్రతిని చేతితో దిద్దరు. ప్రతి మార్పూ ముందుగా కెర్నల్‌లో ఆమోదం పొందవలసినదే. ఫలానా సౌకర్యం ఉన్నదా లేదా అన్నది ప్రోగ్రాము నడిచే వేళ కెర్నల్‌నే అడిగి తెలుసుకుంటుంది. ఈ విధంగా ప్రతి క్యూఎమూ వద్ద ఉన్నా, ప్రామాణ్యం కెర్నల్‌దిగానే నిలిచింది.